3 డాలర్ల బ్లైండ్ మీద 25 డాలర్ల రెయిజ్ పడితే: చిన్న పోకర్ టేబుళ్లలో భారీ ప్రీఫ్లాప్ రెయిజ్‌లకు జవాబు

అమెరికా కాసినోల్లో, కార్డ్ రూముల్లో చిన్న ఆట అంటే ఎక్కువచోట్ల 1-3 డాలర్ల నో-లిమిట్ హోల్డెమ్. అంటే ఒక్కొక్కరి చేతిలో రెండు కార్డులు, టేబుల్ మీద అయిదు ఉమ్మడి కార్డులు. కార్డులు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే 1, 3 డాలర్లు బ్లైండ్లు, అందులో 3 బిగ్ బ్లైండ్. ఉమ్మడి కార్డులు పడకముందు జరిగే పందెమే ప్రీఫ్లాప్. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు రెయిజ్ (పందెం పెంచడం) అంటే బిగ్ బ్లైండ్‌కి రెండున్నర, మూడు రెట్లు అనుకుని వస్తారు. ఆ లెక్కన ఇక్కడ 8, 9 డాలర్లు కావాలి. కూర్చున్నాక కనబడేది వేరు. ఒకరు 15 అంటారు, ఇంకొకరు 20 అంటారు, అరగంటగా లింప్ చేస్తూ (పెంచకుండా 3 డాలర్లే వేస్తూ) కూర్చున్న పెద్దాయన ఉన్నట్టుండి అయిదు ఎర్ర చిప్స్ ముందుకు తోసి 25 అంటాడు. మీ చేతిలో ఏస్-జాక్ ఉంటుంది. పారేయబుద్ధి కాదు, రీరెయిజ్ చేయడానికి, అంటే దాని మీద మళ్లీ పెంచడానికి, ధైర్యం చాలదు, అందుకని కాల్ చేస్తారు, అంటే అంతే డబ్బు వేసి ఆటలో ఉంటారు. డబ్బు పోయేది సరిగ్గా అక్కడే. భారీ రెయిజ్‌కి సరైన జవాబు చాలాసార్లు ఫోల్డ్ (చేయి పారేయడం), కొన్నిసార్లు రీరెయిజ్. కాల్‌కి చోటుంది కానీ చాలా తక్కువ.

కింది లెక్కలన్నీ తొమ్మిది మంది కూర్చునే 1-3 డాలర్ల టేబుల్‌కి, ఇద్దరి దగ్గరా 300 డాలర్లు, అంటే 100 బిగ్ బ్లైండ్లు ఉన్నాయనుకుని వేసినవి. గోవా కాసినోలో రూపాయల్లో ఆడుతున్నా బిగ్ బ్లైండ్లలోకి మార్చుకుంటే ఇదే వర్తిస్తుంది. ఆన్‌లైన్ టేబుళ్ల ఊసు ఇక్కడ లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం దేశమంతటా నిషేధించింది.

మొదటి మెట్టు: అది నిజంగా పెద్ద రెయిజేనా?

25 అన్న అంకె వినగానే బెదిరిపోకండి. ముందు టేబుల్ మీద అప్పటికే ఏముందో చూడండి.

నలుగురు లింప్ చేశాక వచ్చిన 25 భారీ రెయిజ్ కాదు. లైవ్ ఆటలో మామూలు కొలత 12 నుంచి 15 డాలర్లు, దాని మీద ఒక్కో లింపర్‌కి 3 డాలర్లు. నలుగురుంటే 24 నుంచి 27 అవుతుంది. అది పద్ధతిగా వేసిన రెయిజే. దాన్ని చూసి ఆయన దగ్గర ఏసులున్నాయని తీర్మానించుకుంటే మంచి చేతులు వృథాగా పారేస్తారు.

స్ట్రాడిల్, అంటే కార్డులు చూడకముందే ఎవరైనా వేసే రెట్టింపు బ్లైండ్, ఉందేమో చూడండి. బిగ్ బ్లైండ్ పక్కనున్నాయన 6 డాలర్ల స్ట్రాడిల్ పెడితే 25 అంటే దానికి నాలుగు రెట్లే. అప్పుడు ఆట 3-6 స్థాయికి వెళ్లినట్టు, మీ 300 డాలర్లు 50 బ్లైండ్లకు పడిపోయినట్టు.

మూడోది టేబుల్ అలవాటు. 10 డాలర్ల రెయిజ్‌కి అయిదుగురు కాల్ చేసే టేబుల్‌లో అందరూ 18, 20కి వెళ్లిపోతారు. అక్కడ 20 మామూలు ధర, 40 వస్తే అది పెద్దది. ముందు ఎవరూ దూరకుండా, స్ట్రాడిల్ లేకుండా, ఆ టేబుల్ అలవాటుకి మించి వచ్చిన రెయిజ్ గురించే ఇక మాట్లాడదాం.

రెండో మెట్టు: ధర కట్టడం

మీరు బిగ్ బ్లైండ్‌లో ఉన్నారు, మిగతావాళ్లంతా ఫోల్డ్ చేశారు. రెయిజ్ 9 అయితే పాట్‌లో (మధ్యలో చేరిన పందెంలో) 13 ఉంది, మీరు వేయాల్సింది 6. ఆరుని పంతొమ్మిదితో భాగిస్తే 31.6 శాతం. ఆ మాత్రం గెలుపు వాటా ఉంటే చాలు. రెయిజ్ 15 అయితే 12 వేయాలి, కావాల్సింది 38.7 శాతం. అదే 25 అయితే పాట్‌లో 29, మీరు వేయాల్సింది 22, కావాల్సింది 43 శాతం. బటన్ మీద (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడే డీలర్ స్థానంలో) ఉండి, ముందే పెట్టిన డబ్బు లేకుండా 25కి కాల్ చేస్తే 46 శాతం పైనే.

గది యాజమాన్యం పాట్ నుంచి కోసుకునే రేక్ కూడా కలపండి. చాలాచోట్ల 10 శాతం, 5 లేదా 6 డాలర్ల పరిమితితో కోస్తారు, జాక్‌పాట్ ప్రమోషన్‌కని ఇంకో డాలరో రెండో తీస్తారు. 51 డాలర్ల పాట్‌లో 5 పోతే మిగిలేది 46. అప్పుడు 22 డాలర్ల కాల్‌కి కావాల్సింది 48 శాతానికి చేరుతుంది. టెక్సస్‌లో లెక్క వేరు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు కార్డ్ క్లబ్బులు పాట్ నుంచి కోయకుండా గంటకింత అని సీటు రుసుము తీసుకుంటాయి. అక్కడ బొటాబొటి కాల్స్ కొంచెం నయం. ఇంకో సంగతి: ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి కార్డులు) పడకపోతే రేక్ లేదన్న నియమం ఉన్న గదుల్లో ప్రీఫ్లాప్ రీరెయిజ్‌తో గెలిచిన పాట్ మొత్తం మీదే.

ధరతో పాటు ఇంకోటి మారుతుంది. 10 డాలర్ల రెయిజ్‌కి బిగ్ బ్లైండ్ నుంచి కాల్ చేస్తే పాట్ 21, వెనక 290. స్టాక్, అంటే వెనక మిగిలిన చిప్స్, పాట్‌కి దాదాపు 14 రెట్లు. 25కి కాల్ చేస్తే పాట్ 51, వెనక 275, అంటే అయిదున్నర రెట్లు కూడా లేదు. సెవెన్-సిక్స్ సూటెడ్ (రెండూ ఒకే గుర్తు) లాంటి చేతులు బతికేది ఆ 14 రెట్ల లోతు మీదే. రెండు జతలో అంతకన్నా మంచిదో ఫ్లాప్ మీద దొరికేది వందలో అయిదారుసార్లు, ఫ్లష్‌కి (ఒకే గుర్తు అయిదు కార్డులకి) ఒక్కటే తక్కువైన నాలుగు కార్డుల డ్రా పడేది పదకొండుసార్లు. తగిలినప్పుడు వచ్చే డబ్బు తగ్గి, తగలనప్పుడు పోయే డబ్బు రెండింతలు దాటితే ఆ చేతితో ఆడి లాభం లేదు. ఆ లోతు తగ్గేకొద్దీ పెద్ద జతలకు, ఏస్-కింగ్‌కి విలువ పెరుగుతుంది, అందమైన సూటెడ్ చేతులకు తగ్గుతుంది.

మూడో మెట్టు: రెయిజ్ చేసిందెవరు?

అసలు నిర్ణయం దీనిమీదే ఉంటుంది, కాబట్టి దీనికి ఎక్కువ ఓపిక పెట్టండి.

లైవ్ టేబుల్‌లో గంటకి 25, 30 చేతులు పడతాయి. పాకెట్ జాక్స్ నుంచి పైకి అన్ని జతలు, ఏస్-కింగ్ కలిపితే మొత్తం 1,326 రెండు కార్డుల కాంబినేషన్లలో 40, అంటే 3 శాతం. సగటున గంటకోసారి. టెన్స్ నుంచి పైకి, ఏస్-క్వీన్ నుంచి పైకి తీసుకుంటే 62 కాంబినేషన్లు, 4.7 శాతం. ఇప్పుడు ఎదుటివాడిని లెక్కపెట్టండి. గంటలో ఒక్కసారి 25 తోస్తే అతను మొదటి గుంపు. గంటలో మూడుసార్లయితే పది శాతం దగ్గరున్నాడు. ఒక రౌండు, అంటే తొమ్మిది చేతుల్లో మూడుసార్లు తోస్తే, ఏదో ఒకసారి మంచి కార్డులు వరసపెట్టి వచ్చి ఉండొచ్చు కానీ, రెండో రౌండూ అలాగే సాగితే అతని చేతిలో ఏదైనా ఉండొచ్చు.

సైజు మారుతుందా అన్నది రెండో గుర్తు. మామూలుగా 12 వేసే మనిషి ఈసారి 25 వేస్తే అది చిప్స్‌తో చెప్పిన మాట. చిన్న టేబుళ్లలో పెద్ద సైజు తరచుగా పాకెట్ జాక్స్, టెన్స్, ఏస్-కింగ్. ఫ్లాప్ మీద చిక్కుల్లో పడటం ఇష్టంలేక అందరినీ పంపించేద్దామని వేస్తారు. కొందరు ఏసులు వచ్చినప్పుడు ఎవరైనా కాల్ చేయాలని 15కే ఆగుతారు, కొందరు అప్పుడే 30కి వెళ్తారు. మనిషి మనిషికీ వేరు, అందుకే షోడౌన్ (చివర్లో కార్డులు తెరిచి చూపడం) అయినప్పుడల్లా చేతిని మాత్రమే కాదు, ఆ చేతికి ప్రీఫ్లాప్‌లో ఎంత వేశాడో జతచేసి గుర్తుపెట్టుకోవాలి. మీరు ఫోల్డ్ చేసిన చేతుల్లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఈ సమాచారం అంతా పోతుంది.

మనిషి గురించి ఏమీ తెలియకపోతే టైట్, అంటే మంచి చేతులతోనే ఆడే మనిషి, అనే అనుకోండి. 1-3 టేబుల్‌లో కొత్త ముఖం పెద్ద రెయిజ్ వేస్తే నిజంగానే చేయి ఉండటం ఎక్కువ.

నాలుగో మెట్టు: టైట్ మనిషి 25 వేస్తే

అతని చేతుల గుంపు జాక్స్ పైన, ఏస్-కింగ్ అనుకుందాం. దానిమీద మీ చేతుల వాటా సుమారుగా ఇలా ఉంటుంది.

ఏస్-క్వీన్ ఆఫ్‌సూట్ (వేర్వేరు గుర్తులు): 29 శాతం. కావాల్సింది 43 నుంచి 48. చూడ్డానికి ఎంత బాగున్నా ఇది ఫోల్డే. ఏస్ పడితే ఏస్-కింగ్‌కి ఓడతారు, క్వీన్ పడితే ఏసులకీ కింగులకీ ఓడతారు. ఓడే ఆ చేతుల్లోనే పాట్ పెద్దదవుతుంది. ఏస్-జాక్, కింగ్-క్వీన్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

పాకెట్ ఫైవ్స్: 33 శాతం. ఆశంతా సెట్ మీదే, అంటే మూడో ఫైవ్ పడటం మీదే. జత చేతిలో ఉన్నప్పుడు ఫ్లాప్ మీద సెట్ పడేది ఎనిమిదిన్నరసార్లకి ఒకసారి. బటన్ మీద 25 వేశారనుకోండి. పోయే ఏడున్నరసార్ల ఖర్చు 187 డాలర్లు. పాట్‌లో ముందే 29 ఉంది కాబట్టి, సెట్ పడ్డ ప్రతిసారీ సగటున ఇంకో 158 రాబట్టాలి. అతని వెనక 275 ఉంది. కానీ అతని చేతుల్లో నూటికి 40 ఏస్-కింగే, ఫ్లాప్ తప్పితే పైసా ఇవ్వదు. పైగా సెట్ కొట్టి కూడా ఓడే రోజులుంటాయి. ఇద్దరి స్టాకుల్లో చిన్నది రెయిజ్‌కి 15 నుంచి 20 రెట్లు ఉంటేనే సెట్ కోసం కాల్ చేయాలన్నది పాత నియమం, ఈ సందర్భంలో 20కి దగ్గరగా ఉండటమే మంచిది. అంటే 500. మీ దగ్గర 500 ఉండి అతని దగ్గర 220 ఉంటే లెక్కకి వచ్చేది 220.

పాకెట్ జాక్స్: 37 శాతం. బిగ్ బ్లైండ్‌లో 22కి కాల్ చేయొచ్చు. ఏస్-కింగ్ తప్పినప్పుడు మామూలుగానే గెలుస్తారు, సెట్ పడితే పెద్ద జతల నుంచి స్టాక్ రాబడతారు. రీరెయిజ్ మాత్రం వద్దు. మీరు 85 వేస్తే మిగిలేవి మిమ్మల్ని ఓడించే జతలు, మీతో సమానంగా పోటీపడే ఏస్-కింగ్.

పాకెట్ క్వీన్స్: 47, 48 శాతం. ఇదీ కాల్. క్వీన్స్‌తో కాల్ చేయడం పిరికితనమని టేబుల్ మీద ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి.

పాకెట్ కింగ్స్: 62 శాతం పైనే. రీరెయిజ్, మొత్తం స్టాక్ పెట్టడానికి సిద్ధం. అతని దగ్గర ఏసులుంటాయన్న భయంతో కింగ్స్‌ని కాల్‌తో సరిపెట్టేవాళ్లు రెండు రకాలుగా నష్టపోతారు: క్వీన్స్, జాక్స్ డబ్బు అందుకోలేరు, ఏస్ ఉన్న చేతికి చవకగా ఫ్లాప్ చూపిస్తారు.

బ్లఫ్ రీరెయిజ్ అసలు వద్దు. 29 డాలర్ల పాట్ కోసం 80 పెడితే, కాల్ పడినప్పుడు ఏమీ దక్కదనుకుంటే, నూటికి 73 సార్లు అవతలివాడు పారేయాలి. గంటకోసారి రెయిజ్ చేసే మనిషి అన్నిసార్లు పారేయడు.

రమ్మీ ఆడేవాళ్లకి ఇది కొత్తేం కాదు. 101 పూల్‌లో ఫస్ట్ డ్రాప్‌కి 20, మిడిల్ డ్రాప్‌కి 40. చేయి బాగాలేదని తెలిసీ ఒక ముక్క లాగి చూద్దామనుకోవడానికి కట్టే ధర అది. ఇక్కడ బ్లైండ్లలో లేకపోతే ఫస్ట్ డ్రాప్ పూర్తిగా ఉచితం. గంటకి రెండుసార్లు 25కి కాల్ చేసి ఫ్లాప్ మీద వదిలేస్తే 50 డాలర్లు, దాదాపు 17 బిగ్ బ్లైండ్లు. ఈ స్థాయిలో గంటకి 10 బ్లైండ్లు నిలకడగా గెలిచేవాళ్లే అరుదు.

అయిదో మెట్టు: లూజ్ మనిషి 25 వేస్తే

ఇతను పావు వంతు చేతులతో రెయిజ్ చేస్తాడు, రీరెయిజ్ పడినా పారేయడు. ఇక్కడ ఏస్-క్వీన్ 60 శాతం దరిదాపుల్లో ముందుంది. కాల్ చేసి వెనకవాళ్లని కూడా లోపలికి రానివ్వడం దేనికి? టెన్స్ నుంచి పైకి జతలు, ఏస్-క్వీన్, ఏస్-కింగ్, సూటెడ్ ఏస్-జాక్, సూటెడ్ కింగ్-క్వీన్‌తో రీరెయిజ్ చేయండి. ఇక్కడా బ్లఫ్‌లు వద్దు, కారణం వేరు: పారేయని మనిషిని బ్లఫ్ చేయలేం.

సైజు ముఖ్యం. అతని తర్వాత ఆడే పొజిషన్ ఉంటే మూడు రెట్లు, 75. ముందు ఆడాల్సి వస్తే 90 నుంచి 100. చాలామంది భయం భయంగా 50 వేస్తారు. అప్పుడు అతను 25 వేస్తే చాలు, 24 శాతం వాటా ఉంటే గిట్టుబాటు. దాదాపు ఏ రెండు కార్డులకైనా అంత ఉంటుంది. 75 వేస్తే 32 శాతం పైన కావాలి, 90 వేస్తే 35.

బటన్ మీద ఏస్-క్వీన్‌తో 75 వేశారు, అతను కాల్ చేశాడు, బ్లైండ్లు పోయాయి. పాట్ 154, ఇద్దరి వెనకా 225. ఫ్లాప్ క్వీన్-సెవెన్-టూ. అతను చెక్ చేస్తే (ఏమీ వేయకుండా వదిలితే) 55 వేయండి. కాల్ పడితే పాట్ 264, మిగిలింది 170. టర్న్ (నాలుగో ఉమ్మడి కార్డు) మీద అదంతా పెట్టేయాలి. ఈ లోతులో, ఈ మనిషి మీద, ఒక జత మంచి కిక్కర్‌తో (జతకి తోడున్న పెద్ద కార్డుతో) పారేసే ప్రశ్నే లేదు. ఫ్లాప్ కింగ్-ఎయిట్-ఫైవ్ పడి మీకేమీ తగలకపోతే ఒకసారి 45 వేసి చూడొచ్చు, చెక్ చేసినా తప్పు లేదు. కాల్ పడ్డాక మాత్రం ఆపేయండి. 75 పెట్టేశాను కదా అని రెండో బ్లఫ్, మూడో బ్లఫ్ పేల్చడం ఈ పద్ధతి నేర్చుకున్న కొత్తల్లో చేసే ఖరీదైన పొరపాటు.

చేతిలో 100, 120 డాలర్లే మిగిలి ఉంటే ఈ సైజులేవీ పనికిరావు. 25 అంటే స్టాక్‌లో ఐదో వంతు, నాలుగో వంతు. అప్పుడు రెండే మార్గాలు, ఆల్-ఇన్ లేదా ఫోల్డ్. లూజ్ మనిషి మీద టెన్స్, ఏస్-క్వీన్ నుంచి. టైట్ మనిషి మీద క్వీన్స్, ఏస్-కింగ్ నుంచి.

ఆరో మెట్టు: మధ్యలో కాల్స్ పడితే

పాకెట్ ఫైవ్స్ దగ్గరికి మళ్లీ వద్దాం. అదే 25, కానీ మీ ముందు ముగ్గురు కాల్ చేశారు, మీరు బటన్ మీద ఉన్నారు. పాట్‌లో 104 ఉంది. సెట్ కోసం కావాల్సిన 187లో 104 ముందే అక్కడుంది, సెట్ పడ్డప్పుడు నలుగురిలో ఎవరో ఒకరి నుంచి సగటున 84 రాబట్టగలిగితే చాలు. ఇందాక పారేసిన చేతికి ఇప్పుడు కాల్. వెనక బ్లైండ్లు ఇద్దరే ఉన్నారు కాబట్టి రీరెయిజ్ ప్రమాదమూ తక్కువ. ఇదే చేయి మధ్య సీట్లో, వెనక అయిదుగురు ఇంకా ఆడాల్సి ఉండగా వస్తే తొందరపడకండి.

ఏస్-ఫైవ్ సూటెడ్‌కి ఈ లెక్క అతకదు. కాల్ తర్వాత పాట్ 129, వెనక 275. ఫ్లాప్ మీద సగం పూర్తయిన ఫ్లష్‌తో ఉండగానే స్టాక్ అంతా అడుగుతారు. స్టాకులు 600 ఉన్నప్పుడు మాత్రమే దాన్ని పరిశీలించండి.

ఏడో మెట్టు: ఫ్లాప్ తర్వాత జాక్స్

టైట్ మనిషి 25, బిగ్ బ్లైండ్‌లో జాక్స్‌తో మీ కాల్, పాట్ 51. ఫ్లాప్ నైన్-సిక్స్-టూ. అతను 30 వేస్తే కాల్ చేయండి, 27 శాతం ఉంటే చాలు. టర్న్ మీద మళ్లీ 80 వేస్తే ఫోల్డ్. అతని చేతుల్లో పెద్ద జతలు 18 కాంబినేషన్లు, ఏస్-కింగ్ 16. ఏస్-కింగ్ ఎక్కువగా టర్న్ మీద చల్లబడుతుంది, జతలు చల్లబడవు. ఫ్లాప్ మీదే ఏస్ గానీ కింగ్ గానీ పడి అతను బెట్ వేస్తే అప్పుడే వదిలేయండి.

సీటు సంగతి

రౌండుకి మూడుసార్లు 25 తోసే మనిషి మీ కుడివైపు ఉండాలి. అప్పుడు అతను ఏం చేశాడో చూశాక మీరు నిర్ణయిస్తారు. ఎడమవైపు ఉంటే మీ ప్రతి లింపూ, ప్రతి చిన్న రెయిజూ అతని దయ మీద ఉంటుంది. డీలర్‌ని సీట్ చేంజ్ బటన్ అడగండి, ఖాళీ అవగానే మారండి. మారే వీలు లేకపోతే బలహీన చేతులతో లింప్ చేయడం పూర్తిగా మానేయండి. దానికి బదులు కింగ్స్, ఏసులు, ఏస్-కింగ్‌తో అప్పుడప్పుడు 3 డాలర్లు లింప్ చేసి, అతను 25 వేశాక, మధ్యలో ఇద్దరు కాల్ చేశాక, 125కి లేపండి.